వైఫై అందరిది, సభ్యుల పట్టీ మనది



సంఘం ఆస్తి ఏమిటని ఎవరైనా అడిగితే మనం ఆఫీసు గది చూపిస్తాం. జెండా, రెండు బల్లలు, పాత బీరువా చూపిస్తాం. ఇవన్నీ పోయినా సంఘం బతుకుతుంది. సభ్యుల పట్టీ పోతే బతకడం కష్టం. ఏ కార్ఖానాలో ఎవరున్నారు, ఎవరు చందా కట్టారు, ఎవరి పి.ఎఫ్. నంబరు ఏది, ఎవరికి ఎంత బోనసు బాకీ వుంది, ఏ ఫిర్యాదు మీద ఎవరు సంతకం పెట్టారు – ఇదంతా ఆ పట్టీలోనే వుంటుంది.

ఆ పట్టీ ఇప్పుడు బీరువాలో లేదు. కంప్యూటర్‌లోకి వచ్చి చాలా కాలమయింది. ఆఫీసు కంప్యూటర్‌లో ఒక ప్రతి, గూగుల్ డ్రైవ్‌లో ఒక ప్రతి, శాఖా కార్యదర్శుల ఫోన్లలో తలా ఒక ప్రతి. ఎం.ఐ.డి.సి. శాఖ వాళ్ళు అక్కడి నుంచే కొత్త పేరు ఎక్కిస్తారు. కోశాధికారి ఇంట్లో కూర్చుని చందా లెక్క చూసుకుంటాడు. ఇది సౌకర్యమే, మేము కాదనం. అయితే ఆ ఫైలు ఎక్కడెక్కడ తెరుస్తున్నాం? రైల్వే స్టేషన్‌లో, బస్ స్టాండ్‌లో, చాయ్ హోటల్‌లో, జిరాక్స్ దుకాణంలో. ఉచితంగా వైఫై ఎక్కడ దొరికితే అక్కడ. ఈ నెల ఈ సంగతే మాట్లాడుకోవాలి.

మా మాట ముందే చెబుతున్నాం. ఉచిత వైఫై వాడవద్దని మేము అనం. దాని మీద సంఘం ఫైలు మాత్రం తెరవవద్దు అంటాం. అలా తెరవాల్సిన గతి మన కార్యకర్తకు పట్టకుండా చూసే ఖర్చు సంఘమే పెట్టుకోవాలి అంటాం. చాళ్‌లో నల్లా అందరిది. నీళ్ళు పట్టుకుంటాం, బట్టలు ఉతుక్కుంటాం. ఇంటి పెట్టె తెచ్చి నల్లా దగ్గర తెరిచి పెట్టం కదా!

పేర్లు బయటపడితే ఏమవుతుంది?

మేము మిల్లులో బదిలీ కార్మికులుగా వున్న రోజులు మన పాతవాళ్ళకు గుర్తుండే వుంటాయి. భోంగా మోగక ముందే గేటు దగ్గర నిలబడేవాళ్ళం. ఆ రోజు పని ఎవరికి దొరుకుతుందన్నది జాబర్ నోటి మాట. సంఘం కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళ పేర్లు అతని చెవిన పడితే ఆ పేర్లకు వారం పది రోజులు పిలుపు వుండేది కాదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, నోటీసు ఇవ్వలేదు. పేరు పిలవలేదు, అంతే. ఫిర్యాదు చేద్దామన్నా చేతిలో ఆధారం వుండేది కాదు.

ఇప్పుడు మిల్లులు చాలా వరకు మూతపడ్డాయి. మనవాళ్ళు సాంచెల మీద, టవల్ కార్ఖానాలలో, గార్మెంట్ యూనిట్లలో పని చేస్తున్నారు. జాబర్ పోయి కాంట్రాక్టరు వచ్చాడు. "రేపటి నుంచి రావద్దు" అన్న ఒక్క మాటతో పని పోతుంది. ఇలాంటి చోట్ల సంఘంలో కొత్తగా చేరిన పదిహేను మంది పేర్లు సమయం రాక ముందే సేటు మునీము చేతిలో పడితే ఏమవుతుందో మేము వేరే చెప్పనక్కరలేదు.

చట్టం కూడా మారింది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమలులోకి వచ్చింది. ఒక సంస్థలో ఒకటి కన్నా ఎక్కువ సంఘాలు వుంటే, మస్టర్ రోల్ మీది కార్మికులలో 51 శాతం, అంతకు పైన మద్దతు వున్న సంఘానికే యాజమాన్యంతో చర్చించే ఏకైక సంఘంగా గుర్తింపు అని ఆ కోడ్ చెబుతున్నది. అంటే ఒక్కొక్క పేరూ లెక్కకు వస్తుంది. నలభై అయిదు శాతం దాకా చేరిన సంఘం పట్టీ అవతలి వాళ్ళకు ముందుగా తెలిస్తే, మిగిలిన ఆరు శాతం చేరకుండా ఎవరిని బుజ్జగించాలో, ఎవరిని బెదిరించాలో వాళ్ళకు మనమే చెప్పినట్టవుతుంది.

"మా దగ్గర ఏముందన్నా దోచుకోవడానికి!"

శాఖల మీటింగులలో ఈ మాట తరచుగా వినిపిస్తున్నది. "పగారు వచ్చిన పదో రోజుకే జేబు ఖాళీ. మా ఫైలు ఎవడికి కావాలన్నా?" అని నవ్వేస్తారు. నవ్వేవాళ్ళు ఒక్కటి ఆలోచించాలి. డబ్బు లేనివాడి దగ్గర కూడా పేరు వుంటుంది. ఆధార్ నకలు, పాన్ నకలు, ఫోన్ నంబరు ఒకేచోట దొరికితే ఆ పేరు మీద అప్పు ఎత్తేవాళ్ళున్నారు. వాయిదా కట్టమని ఫోన్ వచ్చేదాకా అసలు మనిషికి తెలియదు. పదివేల పగారు మనిషికి పదివేల అప్పు అంటే ఒక నెల తిండి.

పైగా భద్రం అంటే పరాయి చేతిలో పడకుండా చూడడం ఒక్కటే కాదు, మన చేతిలో నుంచి జారకుండా చూడడం కూడా. బొంబాయి మిల్లు కార్మికుల సంగతి చూడండి. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది దిగారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ వున్నారు. చాలా మంది మళ్ళీ పనిలోకి రాలేకపోయారు. ఆ మిల్లుల జాగాలలో కార్మికులకు ఇళ్ళు ఇచ్చే మాట వచ్చినప్పుడు ఎవరు నిజంగా పని చేశారన్నది ఏది తేల్చింది? టికెట్ నంబరు, హాజరు కార్డు, సెలవు కార్డు, పి.ఎఫ్. నంబరు, ఇ.ఎస్.ఐ. నంబరు, పగారు పావతి. 2023లో మ్హాడా ఈ కాగితాలను ఆన్‌లైన్‌లో కూడా తీసుకున్నది. సమ్మె జరిగి నలభై ఏళ్ళు దాటాక కూడా తండ్రి హాజరు కార్డు వున్న కొడుకు దరఖాస్తు పెట్టగలిగాడు. లేని కొడుకు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కార్మికుడి కాగితం విలువ ఇంత. ఆ కాగితమే ఇప్పుడు ఫైలు అయింది.

మనవాళ్ళు ఉచిత వైఫైకి ఎందుకు వెళతారు?

"పబ్లిక్ వైఫై వాడకండి" అని చెప్పడం సులభం. ఆ సలహా ఇచ్చేవాడి ఇంట్లో నెలనెలా బిల్లు కట్టే వైఫై వుంటుంది. మన కార్యకర్తకు 28 రోజుల రీఛార్జి వుంటుంది. అది ఎప్పుడూ పగారుకు నాలుగు రోజుల ముందే అయిపోతుంది. 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ ఒకదాని వెనుక ఒకటి ధరలు పెంచాయి. మన పగారు అలా పెరగలేదు.

మరోవైపు ఉచిత వైఫై పెరుగుతూ వచ్చింది. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషన్‌లో రైల్‌టెల్, గూగుల్ కలిసి దాన్ని మొదలుపెట్టాయి. గూగుల్ 2020లో తప్పుకుంటున్నట్టు ప్రకటించినా రైల్‌టెల్ ఆపలేదు. ఆరు వేలకు పైగా స్టేషన్లకు అది చేరింది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పి.ఎం. వాణి అనే పథకానికి ఒప్పుకున్నది. దాని ప్రకారం కిరాణా దుకాణం, చాయ్ దుకాణం కూడా వైఫై అందించవచ్చు. పేదవాడికి ఇది మేలే. పిల్లల చదువుకూ, ఊరికి ఫోన్ చేసుకోవడానికీ అక్కరకు వస్తుంది. లేబర్ కోర్టు పని మీద పుణె రైలు కోసం రెండు గంటలు కూర్చున్న శాఖా కార్యదర్శి ఆ వైఫైలో సంఘం ఫైలు తెరిస్తే తప్పు అతనిదని మేము అనం. సంఘం పని చేయమని, సంఘం ఖర్చు మాత్రం సొంత జేబులో నుంచి పెట్టుకోమని చెప్పే పద్ధతిది తప్పు.

వైఫై పనిచేసే తీరు

వైఫై అంటే చిన్న రేడియో. ఫోన్ మాట్లాడేది పెట్టె వింటుంది, పెట్టె మాట్లాడేది ఫోన్ వింటుంది. ఆ తరంగాలు నాలుగు దిక్కులా పోతాయి కనుక పక్క బెంచీ మీది యంత్రం కూడా వినగలదు. ఇంట్లో వైఫైకి పాస్‌వర్డ్ పెడితే ఆ మాటలు మరొకరికి అర్థం కాని గూఢ లిపిలోకి మారతాయి. పాస్‌వర్డ్ లేకుండా చేరే బహిరంగ వైఫైలో సాధారణంగా ఆ కట్టుదిట్టం వుండదు.

2010లో ఎరిక్ బట్లర్ అనే అమెరికా ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే చిన్న పనిముట్టు విడుదల చేశాడు. బహిరంగ వైఫైలో కూర్చుని, పక్కవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరడం దానితో ఎంత సులభమో లోకానికి చూపించాడు. వెబ్‌సైట్లు లాగిన్ వరకు మాత్రమే తాళం వేసి, తరువాత వదిలేస్తున్నాయని చెప్పడమే అతని ఉద్దేశం. ఆ తరువాతి ఏళ్ళలో పెద్ద సైట్లన్నీ మొదటి నుంచి చివరి దాకా తాళం వేయడం మొదలుపెట్టాయి. వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో మెసేజీలన్నిటికీ పంపినవాడు, అందుకున్నవాడు తప్ప మరొకరు చదవలేని ఏర్పాటు చేసింది.

కనుక స్టేషన్‌లో కూర్చున్న ప్రతివాడూ మీ మెసేజీలు చదివేస్తాడన్నది ఈ రోజు నిజం కాదు. లేని భయం పెట్టడం మా పని కాదు. ఇప్పుడు సరుకు చాలా వరకు తాళం వేసిన పెట్టెలోనే ప్రయాణిస్తున్నది. అయితే దారిలో పెట్టె భద్రంగా వుంటే సరిపోదు. బయలుదేరిన చోట తలుపు తెరిచి వున్నా, చేరిన చోట దొంగ కూర్చున్నా తాళం ఏం చేస్తుంది? ప్రమాదం నాలుగు చోట్ల మిగిలి వుంది.

నాలుగు కంతలు

మొదటిది, కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్. ఆఫీసులో రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు పంచుకోవడానికి మనం ఒక ఫోల్డర్‌ను "అందరికీ" అని తెరిచి పెడతాం. ఆఫీసులో అందరూ అంటే మనవాళ్ళు. అదే లాప్‌టాప్ తీసుకుని హోటల్ వైఫైలో చేరితే అందరూ అంటే ఆ హోటల్‌లో వున్నవాళ్ళందరూ. విండోస్‌లో ప్రతి వైఫైకీ ఇది పబ్లిక్ నెట్‌వర్క్, ఇది ప్రైవేట్ నెట్‌వర్క్ అని నిర్ణయించుకునే చోటు వుంటుంది. బయట ఎక్కడ చేరినా పబ్లిక్ అనే వుండాలి. అప్పుడు మన యంత్రం పక్కవాళ్ళకు కనిపించకుండా దాక్కుంటుంది. చూడకుండా ప్రైవేట్ అని నొక్కితే తలుపు మనమే తీసినట్టు.

దీనితో పాటు విండోస్ అప్‌డేట్ మాట కూడా చెప్పాలి. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళు పంచుకునే విండోస్ ఏర్పాటులోని ఒక లోపం పట్టుకుని, ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి తనంతట తానే దూకింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు కూడా తగిలింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది. వేసుకున్నవాళ్ళు బతికారు, తరువాత చూద్దాంలే అన్నవాళ్ళు మునిగారు.

రెండవది, దొంగ పేరు. ఎవరైనా తన ఫోన్ హాట్‌స్పాట్‌కు స్టేషన్ వైఫై పేరే పెట్టుకోవచ్చు. పేరు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. దానిలో చేరగానే ఒక పేజీ తెరుచుకుని గూగుల్ పాస్‌వర్డ్ కొట్టమంటుంది, లేదా ఆధార్ నంబరు అడుగుతుంది. స్టేషన్‌లో ఉచిత వైఫైకి మొబైల్ నంబరు, దానికి వచ్చే ఓ.టి.పి. చాలు. గూగుల్ పాస్‌వర్డ్‌తో దానికి పని లేదు. అడిగిందంటే దొంగ అని లెక్క. అలాగే "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అన్న హెచ్చరిక తెర మీదకు వస్తే ముందుకు నొక్కకుండా బయటికి రావాలి. అడ్రసు పక్కన తాళం గుర్తు వుందని మురిసిపోవద్దు. దారికి తాళం వుందని ఆ గుర్తు చెబుతుంది గానీ అవతల కూర్చున్నవాడు మంచివాడని చెప్పదు.

మూడవది, లింకు. మన దగ్గర అన్నిటికన్నా పెద్ద కంత ఇదే, దీనికి వైఫైతో సంబంధం కూడా లేదు. గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పంచేటప్పుడు "లింకు వున్న ఎవరైనా" అని పెడితే ఆ లింకు చేతికి వచ్చిన ప్రతివాడికీ ఫైలు తెరుచుకుంటుంది. ఆ లింకును శాఖ వాట్సాప్ గ్రూపులో వేస్తాం. గ్రూపులో రెండు వందల మంది. అందులో ఒకతను నిరుడు సూపర్‌వైజరు అయ్యాడు. ఇంకొకతని ఫోన్ అతని బామ్మర్ది దగ్గర వుంది. ఆ బామ్మర్ది సేటు కారు నడుపుతాడు. ఎవరికీ దురుద్దేశం అక్కరలేదు, ఒక్క ఫార్వర్డ్ చాలు. కనుక "రిస్ట్రిక్టెడ్" అని పెట్టి, చూడవలసిన నలుగురి ఈ-మెయిల్ పేర్లు మాత్రమే ఎక్కించాలి.

నాలుగవది, పరాయి యంత్రం. జిరాక్స్ దుకాణంలో ప్రింటు కోసం మన ఖాతా తెరుస్తాం. ప్రింటు తీసుకుని వచ్చేస్తాం. ఖాతా తెరిచే వుంటుంది, దింపిన ఫైలు అక్కడి డౌన్‌లోడ్స్‌లోనే వుంటుంది. వాట్సాప్ వెబ్ కలిపి వుంటే అదీ అలాగే వుంటుంది. వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" అన్న చోట నొక్కి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ పేరు కనిపిస్తే వెంటనే తీసివేయండి. ఈ పని వారానికి ఒకసారి చేసుకుంటే మంచిది.

ఉచిత వి.పి.ఎన్. ఆప్ వేసుకుంటే అన్నీ సరిపోతాయని కుర్రవాళ్ళు కొందరు అంటున్నారు. దానివల్ల మన సరుకు ఆ వైఫైవాడి కంట పడకపోవచ్చు, నిజమే. కానీ అదంతా ఆప్‌వాడి ఇంటి గుండా పోతుంది. ముక్కూ మొహం తెలియనివాడు ఉచితంగా కాపలా కాస్తానంటే ఎందుకు కాస్తున్నాడని అడగడం మన ధర్మం. పైన చెప్పిన లింకు కంతను, జిరాక్స్ కంతను ఏ వి.పి.ఎన్. పూడ్చదు.

మళ్ళీ రిజిస్టరుకే పోదామా?

పెద్దవాళ్ళు కొందరు ఇంకో దారి చెబుతున్నారు. "ఈ గొడవంతా ఎందుకు? పాతకాలంలో లాగా ఒక రిజిస్టరు, ఒక పెట్టె, ఒక తాళం చాలు" అంటున్నారు. వారి మాట మీద మాకు గౌరవం వుంది. ఆ పెట్టెలను మోసి, దాచి, పోలీసుల కంట పడకుండా కాపాడిన తరం వారిది. అయినా ఒప్పుకోలేకపోతున్నాం. రిజిస్టరు ఒక్కటే వుంటే చెదలు పట్టినా, వాన నీళ్ళు చేరినా అంతా పోయినట్టే. ఇంకో సంగతి కూడా వుంది. పెట్టె తాళం ఎవరి దగ్గర వుంటే సంఘం వారిదయ్యేది. చందా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడిగే సాధనం మామూలు సభ్యుడికి వుండేది కాదు. ఈ రోజు లెక్క నలుగురూ చూస్తున్నారు. బీడీలు చుట్టే తల్లి కూతురు బి.కాం. చదివి మన లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నది, తప్పు దొరికితే "ఇది సరిపోవడం లేదు బాబాయ్" అని అడుగుతున్నది. ఈ మేలు వదులుకోకూడదు. పెట్టెకు ఇద్దరి దగ్గర రెండు తాళాలు వుండే పాత క్రమశిక్షణను కొత్త ఫైలుకు పట్టించుకోవాలి, అదే దారి.

మేము ప్రతిపాదించేది

ఈ కింది విషయాలు శాఖలలో చర్చించి, రాబోయే సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా తీసుకోవాలని కోరుతున్నాం.

1. సంఘం ఫైలు తెరిచే అధికారం వున్న ప్రతి కార్యకర్తకు నెల రీఛార్జి సంఘం నిధి నుంచి ఇవ్వాలి. వెయ్యి మంది పేర్లు, నంబర్లు వున్న పట్టీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కన్నా చిన్నది. సొంత డేటా మీద అది క్షణంలో పోతుంది. లాప్‌టాప్‌కు కావలసి వస్తే సొంత ఫోన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌తో పెట్టుకోవాలి. పాటలు, సినిమాలు స్టేషన్ వైఫైలో చూసుకోండి, పట్టీని మాత్రం సొంత డేటా మీదే తెరవండి.

2. పట్టీని రెండుగా విడదీయాలి. పేరు, శాఖ, చందా వున్న ఫైలు డ్రైవ్‌లో కొద్దిమందికి మాత్రమే తెరుచుకునేలా వుండాలి. బ్యాంకు నంబర్లు, ఫిర్యాదులు, సంతకాలు వున్న ఫైలు తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ అడిగేలా వుండి, ఆఫీసులోనే తెరవాలి. ఆ పాస్‌వర్డ్ పొడుగ్గా వుండాలి. సంఘం పేరు పక్కన 123 అని పెడితే అది తాళం అనిపించుకోదు. పాస్‌వర్డ్‌ను ఫైలుతో కలిపి పంపకూడదు, నోటితో చెప్పాలి.

3. అక్కరలేనిది అడగకూడదు. సభ్యత్వానికి ఆధార్ నకలు ఎందుకు? ఏదైనా కేసుకు తప్పనిసరి అయితే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతి యు.ఐ.డి.ఎ.ఐ. సైటులోనే దొరుకుతుంది, అది చాలేమో చూడాలి. పని అయిపోయాక చెరిపివేయాలి. మన దగ్గర లేని దానిని ఎవరూ దొంగిలించలేరు.

4. కొత్తగా సంఘం పెట్టుకుంటున్న కార్ఖానాల పేర్లు ఏ ఫోన్‌లోనూ, ఏ గ్రూపులోనూ వుండకూడదు. బలం చాలినంత అయ్యేదాకా ఆఫీసులో ఇద్దరి పర్యవేక్షణలో వుండాలి.

5. సంఘం ఈ-మెయిల్ ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టాలి. పాస్‌వర్డ్ దొరికినా ఫోన్‌కు వచ్చే రెండవ అనుమతి లేకుండా ఖాతా తెరుచుకోదు. బాధ్యతలు మారినప్పుడు, పాతవారు ఎంత మంచివారైనా, అదే రోజు పాస్‌వర్డ్‌లు మార్చాలి.

6. ఒక ప్రతి పెన్ డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో తీసి, పాస్‌వర్డ్ పెట్టి, ఆఫీసుకు వేరే చోట భద్రపరచాలి. నెలకు ఒకసారి కొత్తది తీయాలి. వానాక్రై లాంటిది వచ్చినా మన పట్టీ మనకు మిగులుతుంది.

7. ఫోన్లలో పాత వైఫై పేర్లకు తనంతట తానే చేరే ఏర్పాటు ఆపివేయాలి. దగ్గరి ఫోన్ల నుంచి ఫైళ్ళు అందుకునే క్విక్ షేర్ లాంటివి "అందరికీ" అని తెరిచి వుంచకూడదు.

తప్పు జరిగితే

ఎంత జాగ్రత్తపడ్డా ఒకనాడు ఎవరి ఫోనో పోతుంది, ఎవరో తప్పు లింకు నొక్కుతారు. సాంచా మీద పోగు తెగితే ఏం చేస్తాం? అక్కడే ఆపి ముడి వేస్తాం. ముకద్దం తిడతాడని చూడనట్టు నడిపిస్తే గజాల కొద్దీ బట్ట పాడవుతుంది. ఇదీ అంతే. ఫోన్ పోయినవారు, పాస్‌వర్డ్ ఎక్కడో కొట్టేశామని అనుమానం వచ్చినవారు ఆ గంటలోనే ఆఫీసుకు చెప్పాలి. వెంటనే పాస్‌వర్డ్ మార్చి, ఆ ఫోన్‌ను ఖాతా నుంచి తీసివేస్తే నష్టం అక్కడే ఆగుతుంది. చెప్పినవారిని మీటింగులో నిలబెట్టి అవమానించే అలవాటు మాత్రం ఏ శాఖలోనూ వుండకూడదు. ఒకరిని అవమానిస్తే తరువాతి పదిమంది దాచిపెడతారు.

డబ్బు పోతే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే ఆశ అంత వుంటుంది. మరొకరి పాస్‌వర్డునో, గుర్తింపునో మోసంతో వాడుకోవడం ఐ.టి. చట్టం, 2000లోని 66సి సెక్షన్ కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వుంది. ఫిర్యాదు రాయడానికి సంఘం ఆఫీసు తోడుంటుంది.

రీఛార్జిలకు ఖర్చు ఎక్కువవుతుందని కోశాధికారులు లెక్క వేసి చూపిస్తారు. చూపించనివ్వండి. సభ్యుడు చందాతో పాటు తన పేరు కూడా మనకు అప్పగిస్తాడు. అప్పగించేటప్పుడు చేయి కొంచెం వణుకుతుంది. ఆ సంగతి గేటు దగ్గర పావతి పుస్తకం పట్టుకుని నిలబడిన ప్రతి కార్యకర్తకూ తెలుసు. ఆ పేరును కాపాడడానికి నెలకు కొన్ని వందలు ఎక్కువేమీ కాదని మా అభిప్రాయం. మీ అభిప్రాయం ఏమిటో శాఖా సమావేశాలలో తేల్చి, ఏ ప్రతిపాదన ఆచరణలో సాగదో, ఎందుకు సాగదో రాసి పంపండి.